పేరు మారని కారు

తైపింగ్‌లో మా వీధిలో ఎవరింట పెళ్లి జరిగినా పెళ్లికూతుర్ని ముస్తాబు చేసేది మజ్నా అక్కే. మా వీధే కాదు, అటు మాటాంగ్ నుంచి ఇటు కామున్‌టింగ్ దాకా ఆమె చేతుల మీదుగా పెళ్లిపీట ఎక్కిన పిల్లలు ఎంతమందో ఆమెకే లెక్క తెలియదు. పెళ్లిరోజు ఉదయం ఆడపిల్లలకి వచ్చే వణుకు ఆమెకి బాగా తెలుసు. వణికే పిల్ల చేతులు తన ఒళ్లో పెట్టుకుని, "ఈ బరువంతా సాయంత్రానికి దింపేస్తాను గానీ, దింపాక ఏం తింటావో చెప్పు" అని అడిగేది. ఆ పిల్ల పులుసూ చేపా అని చెప్పడం మొదలుపెట్టేసరికి కళ్లకి కాటుక పూర్తయిపోయేది.

తన విషయానికి వస్తే మాత్రం ఆ ధైర్యం ఆమెకి ఎక్కడా పనికిరాదు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చే మనిషి. ఫోను రెండోసారి మోగితే ఎవరో పోయారనే అనుకుంటుంది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. పక్కింట్లో ఉన్నందుకు ఆ భయాల్లో సగం నా చెవినే పడుతుండేవి. నాకు అలవాటైపోయింది.

ఆమెకి ఒక తెల్ల మైవీ కారు ఉండేది. పెళ్లికూతుళ్ల మీద సంపాదించి కొనుక్కున్న కారు. డిక్కీలో బట్టల పెట్టెలు, వెనక సీట్లో కిరీటాల అట్టపెట్టెలు, సీట్ల సందుల్లో ఎప్పటెప్పటివో చమ్కీలు. తలుపు తీస్తే మల్లెపూలూ, జుట్టుకి కొట్టే స్ప్రే కలిసిన వాసన గుప్పుమనేది. పోయిన ఏడాది ఆమెకి మోకాలి ఆపరేషన్ అయింది. అయ్యాక డాక్టరు నడపొచ్చన్నాడు. నడిపింది కూడా. ఒకరోజు సింపాంగ్ దారిలో మలుపు తిప్పుతుంటే కాలు తను చెప్పిన మాట వినలేదు. వేగం పెంచే పెడల్ మీద కాలు ఉంది, ఎత్తాలనుకుంది, అది లేవలేదు. కారు వెళ్లి మసీదు కంచెకి గుద్దుకుని ఆగింది. అప్పుడు వాన పడుతోంది గానీ, తైపింగ్‌లో వాన పడని రోజంటూ ఉండదు కాబట్టి తప్పు వాన మీదికి నెట్టే వీల్లేదు. సైకిలు మీద పోతున్న ఒక ముసలాయన వెంట్రుకవాసిలో తప్పించుకుని, "ఏమ్మా, నమాజుకి కారుతో సహా లోపలికి వచ్చేస్తావా" అన్నాడట. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ ముసలాయన ఒక్క అడుగు ముందుంటే ఏమయ్యేదన్న ఊహ ఆమెని వదల్లేదు.

ముందు భాగం బాగు చేయించింది. కారుని ఇంటి ముందు పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. ఉదయాన్నే తలుపు తీస్తే ఎదురుగా అదే కనిపించేది. చివరికి ఒకరోజు మా గేటు దగ్గర నిలబడి, "సత్యా, దాన్ని అమ్మేస్తాను. అది నన్ను చూస్తున్నట్టుంది" అంది.

పాత కార్లు కొనే కంపెనీ ఒకటి కామున్‌టింగ్ వైపు కొత్తగా కొట్టు తెరిచింది. ఫోనులో కారు వివరాలు ఎక్కిస్తే సుమారు ధర చూపిస్తుంది. నేనే ఎక్కించాను. చూపించిన ధర అక్కకి నచ్చింది. మర్నాడు ఆమె కారునే నేను నడుపుకుంటూ ఇద్దరం వెళ్లాం. దారంతా ఆమె కుడికాలు కిందికి నొక్కి పెట్టుకునే కూర్చుంది, బ్రేకు తన వైపే ఉన్నట్టు.

అక్కడ చుంగ్ అనే కుర్రాడు మా కారు చూశాడు. మర్యాద తెలిసినవాడే. చిన్న యంత్రం ఒకటి తలుపులకి ఆనించుకుంటూ కారు చుట్టూ తిరిగాడు. కింద పడుకుని చూశాడు. తివాచీ ఎత్తి చూశాడు. లోపలికి వంగి ముక్కుతో గాలి పీల్చాడు. అతను వంగిన ప్రతిసారీ అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది.

"ముందు భాగం మార్చారు కదా ఆంటీ?"

"కొంచెం. కంచెకి తగిలింది."

"లోపల వాసన కూడా ఉంది."

"అది పూలవాసన బాబూ."

"ఏ వాసనైనా పోవాలంటే సీట్లు విప్పాలి ఆంటీ" అని చుంగ్ చేతిలోని ట్యాబ్‌లో ఏదో నొక్కి, కొత్త ధర చూపించాడు.

అక్క కళ్లజోడు పెట్టుకుని చూసింది. తీసి మళ్లీ పెట్టుకుంది. "ఫోనులో చూపించింది ఇది కాదే."

"అది కారు చూడకముందు రేటు. ఇది చూశాక రేటు."

"చూశాక తగ్గడమే గానీ, పెరగడం ఎప్పుడైనా జరిగిందా?"

చుంగ్ నిజంగానే ఆలోచించాడు. "నేను చేరాక జరగలేదు ఆంటీ" అన్నాడు. "కానీ ఒకటుంది. ఇవాళ సంతకం పెడితే కారు కాగితాల్లో పేరు మార్పు అంతా మేమే చూసుకుంటాం. డబ్బు బ్యాంకులో పడుతుంది. మీరు ఇంటికెళ్లి నిద్రపోవచ్చు."

"కారు ఎవరి దగ్గరికి వెళ్తుంది?"

"డీలర్లు వేలం పాడుకుంటారు. ఎక్కువ పాడినవాడికి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మాకూ తెలీదు ఆంటీ."

అక్క లేచింది. ఆలోచించుకుని చెబుతానంది. వెనక్కి వస్తుంటే నేను, "అక్కా, ధర తక్కువే గానీ తలనొప్పి లేదు. ఇచ్చెయ్" అన్నాను. ఆమె కిటికీ వైపే చూస్తూ, "పూలవాసన కూడా తప్పేనట" అంది. ఆమెకి తగిలింది ధర కాదని అప్పుడు అర్థమైంది.

సొంతంగానే అమ్ముతానని పట్టుబట్టింది. ప్రకటన పెట్టాం. ఇక ఆ ఫోను మోగడం మొదలు. ఒకతను కారు ఫోటో కాకుండా యజమాని ఫోటో పంపమన్నాడు. ఇంకొకతను ఊరి బయట పెట్రోలు బంకు దగ్గరికి ఒంటరిగా కారు తెమ్మన్నాడు. మరొకాయన ఇంటికే వచ్చి, కారు కింద దూరి, గంటసేపు లోపాలన్నీ పైకి చదివి, "మా ఆవిడ ఎర్రరంగు కావాలంది" అని వెళ్లిపోయాడు. ఎవరైనా వస్తున్నారంటే అక్క మా ఇంటికి వచ్చి మా ఆయన బూట్లు పట్టుకెళ్లేది. తన గుమ్మం ముందు పెట్టుకునేది, లోపల మగమనిషి ఉన్నాడనుకోవాలని. మా ఆయన బూట్లు వెతుక్కుంటూ, "మళ్లీ కాపలాకి వెళ్లాయా?" అనేవారు.

జుల్‌హెల్మి వచ్చింది ఒక శుక్రవారం సాయంత్రం. ముప్పై నిండని మనిషి, ఎండకి నల్లబడ్డ మొహం. కువాలా సెపెతాంగ్‌లో ఉంటాడట. కూడా భార్య వహీదా, ఆమె చంకలో పసిపిల్ల. చెప్పులు గేటు బయటే విడిచి లోపలికొచ్చాడు. అక్క చేతిని రెండు చేతులతో అందుకుని నుదుటికి తాకించుకున్నాడు. వహీదా అక్క మొహం చూసి, "పిన్నీ, మా పెద్దక్క పెళ్లికి మీరే కదా వచ్చింది? బంగారు జరీ నేసిన సాంగ్‌కెట్ పెళ్లిబట్టలు, మీరు తలలో పువ్వులు పెడుతుంటే మా అక్క ఏడ్చేసింది" అంది. అక్కకి గుర్తుందో లేదో గానీ, మొహం విప్పారింది. జుల్‌హెల్మి కారు కింద దూరలేదు. బేరం ఆడలేదు. తలుపు తీసి, "మంచి వాసనండీ" అన్నాడు.

డబ్బు మొత్తం నోట్లు తెచ్చాడు. పేరు మార్పుకి మాత్రం రవాణా ఆఫీసుకి వెళ్లి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ వేలిముద్ర వేయాలి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ఎక్కడిది?

"సోమవారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్తాను పిన్నీ" అన్నాడు. "కారు మాత్రం ఇవాళే ఇస్తే, పసిపిల్లతో బస్సు పట్టుకుని వెళ్లే పని తప్పుతుంది."

నేను అక్కని వంటింట్లోకి పిలిచాను. "వేలిముద్ర పడేదాకా తాళం ఇవ్వకు" అన్నాను.

"సత్యా, పసిపిల్ల ఉంది. వానొచ్చేలా ఉంది."

"వాన ఎప్పుడూ వచ్చేలాగే ఉంటుంది."

ఆమె తాళం ఇచ్చేసింది. ఒక తెల్లకాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. రెండో తాళం ఎక్కడో పెట్టాననీ, దొరికాక ఇస్తాననీ చెప్పింది. కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా పడుకుందట.

సోమవారం అక్క పొద్దున్నే తయారై వరండాలో కూర్చుంది. అతను రాలేదు. ఫోను చేస్తే పిల్లకి జ్వరమన్నాడు. మరోసారి చేస్తే పనిలో ఉన్నానన్నాడు. ఆ తర్వాతి వారం "తప్పకుండా పిన్నీ, తప్పకుండా" అన్నాడు. ఆ తర్వాత ఫోను మోగుతూనే ఉండేది, ఎత్తేవాడు కాదు.

అప్పుడు అతివేగం జరిమానా వచ్చింది. పినాంగ్ వైపు పెద్దరోడ్డు మీద, తెల్లవారుతుండగా, కెమెరా తీసిన ఫోటోతో సహా. కారు అక్కదే, నంబరు అక్కదే, కింద పేరూ అక్కదే. దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఆ వేళప్పుడు అక్కడేం పని సత్యా?"

"ఏదో ఉంటుంది అక్కా."

"అంత వేగం ఎందుకు? ఎవరి నుంచి పారిపోతున్నాడు?"

ఆ రోజు నుంచి ఆమె పేపర్లో ప్రమాదాల వార్తలే చదివేది. తెల్లకారు అన్న మాట కనిపిస్తే ఫోను చేసి నాకు వినిపించేది. దూరంగా సైరన్ వినిపిస్తే కడిగే గిన్నె అలాగే వదిలేసి గేటు దగ్గరికి వచ్చేది. తిండి మానేసింది. ఆ నెలలో మాటాంగ్‌లో ఒక పెళ్లికి సాయానికని నన్ను తీసుకెళ్లింది. పెళ్లికూతురి కనురెప్ప మీద గీత గీస్తుంటే కాటుక పక్కకి పోయింది. తుడిచి మళ్లీ గీసింది, మళ్లీ పోయింది. ఆ పిల్ల అద్దంలోంచి ఆమెనే చూస్తూ, "అత్తా, పెళ్లి నాదా మీదా?" అంది. గదిలో అందరూ నవ్వారు. అక్క కుంచె నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ గీత నేనే గీశాను. బాగా రాలేదు.

ఆ పెళ్లి జరిగిన వారంలోనే పోలీస్ స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. చాంకాట్ జెరింగ్ దగ్గర తెల్లవారుజామున ఒక తెల్ల మైవీ మోటార్‌సైకిల్‌ని గుద్ది ఆగకుండా పోయింది. మోటార్‌సైకిల్ నడిపినవాడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా స్పృహ రాలేదు. చూసినవాళ్లకి నంబరులో మొదటి అక్షరాలూ, చివరి అంకె మాత్రమే గుర్తున్నాయి. అవి అక్క కారుకి సరిపోతున్నాయి.

"అలాంటి నంబర్లున్న వాళ్లందర్నీ పిలుస్తున్నాం మేడం, కంగారు పడకండి" అన్నాడు ఆ అధికారి. "కారు ఒకసారి తెచ్చి చూపించండి."

"నేను అమ్మేశానండీ."

"ఇక్కడ పేరు మీదే ఉంది మేడం."

"అమ్మాను. కాగితం ఉంది."

"ఆ కాగితమూ తెండి. కారూ తెండి."

ఫోను పెట్టేశాక ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. ఆ మోటార్‌సైకిల్ మనిషి పేరేమిటో అడగలేదే అని నాతో పదేపదే అంది. పేరు తెలిస్తే అతని కోసం అల్లాకి దువా చేయొచ్చు కదా అంది. తర్వాత లేచి బీరువాలో బట్టల కిందనుంచి రెండో తాళం తీసింది. ఎక్కడో పెట్టానన్నది అబద్ధమన్నమాట. నేను ఆమె వైపు చూశాను. "ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు" అంది. "ఇవాళే వెళ్దాం. నువ్వు నడుపు."

మా కారులో కువాలా సెపెతాంగ్ వెళ్లాం. అతని ఇల్లెక్కడో మాకు తెలియదు. రేవు దగ్గర టీ అంగట్లో అడిగితే, "ఏ జుల్‌హెల్మి? బొగ్గు లారీ నడిపేవాడా, పీతలవాడా?" అన్నాడు యజమాని. పసిపిల్ల ఉందని చెప్పాం. "అయితే ఇద్దరూ ఒకడే. లారీ పని పోయాక పీతలు అమ్ముతున్నాడు" అని దారి చెప్పాడు. బొగ్గుబట్టీలు దాటి, మడ అడవి పక్కనే, కర్రల మీద నిలబెట్టిన ఇల్లు.

ఇంటి పక్కన నీలం టార్పాలిన్ కప్పిన కారు కనిపించింది. అక్క దాని దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. టార్పాలిన్ అంచు పట్టుకుంది గానీ ఎత్తలేకపోయింది.

"నువ్వు చూడు సత్యా. నాకు చెప్పకు. ముందు నువ్వు చూడు."

నేను ఎత్తాను. మైవీనే. ముందు ఎడమవైపు దీపం కొత్తది. మెరిసిపోతోంది. దాని కింద బంపర్ మీద సొట్ట. నా మొహం చూసి అక్కకి తెలిసిపోయింది. తనూ వచ్చి ఆ దీపం మీద చెయ్యి పెట్టింది, వేడిగా ఉందేమో అని చూసినట్టు.

వహీదా బయటికొచ్చింది. మమ్మల్ని చూడగానే మొహం పాలిపోయింది. "పిన్నీ, కారు తీసుకెళ్లిపోవద్దు" అన్నది ఆమె మొదటి మాట.

"ఈ దీపం ఏమైంది?"

"రేవు స్తంభానికి గుద్దాడు. వెలుతురు లేదప్పుడు."

"ఎప్పుడు?"

వహీదా చెప్పిన రోజు ప్రమాదానికి ముందుదే. కానీ నేను నమ్మలేదు. అక్క నమ్మిందో లేదో ఆమె మొహంలో తెలియలేదు. పసిపిల్ల ఏడుపు మొదలుపెడితే వహీదా చేతుల్లోంచి అందుకుని భుజం మీద వేసుకుంది. తడుతూనే అడిగింది, "సోమవారం ఎందుకు రాలేదు?"

అప్పుడు వహీదా అసలు సంగతి చెప్పింది. జుల్‌హెల్మికి మోటార్‌సైకిల్ రోజుల నుంచి కట్టని జరిమానాలు పేరుకుపోయి ఉన్నాయి. అవి తీరేదాకా అతని పేరు మీదికి ఏ బండీ మారదు. ఆ మాట ముందే చెబితే ఎవరూ అమ్మరని దాచాడు. రోజూ తెల్లవారేలోగా పీతలు పినాంగ్ బజారుకి చేర్చాలి. ఆలస్యమైతే చస్తాయి, చచ్చినవాటిని ఎవరూ కొనరు. అందుకే ఆ వేగం.

ఇంతలో జుల్‌హెల్మి ఎవరిదో మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. మమ్మల్ని చూసి దిగకుండా బండి మీదే ఉండిపోయాడు. వెళ్లిపోతాడేమో అనుకున్నాను. వెళ్లలేదు.

"పిన్నీ, నేను దొంగను కాదు."

"నేను దొంగవనలేదు. ఆ మాటే పోలీసులకి చెబుదువుగాని, పద" అంది అక్క, ప్రమాదం సంగతి చెప్పి.

అతను నిలువునా బిగుసుకుపోయాడు. "నేను కాదు. ఒట్టు, నేను కాదు."

"కాకపోతే పద."

"వెళ్తే నా పాత జరిమానాలన్నీ బయటికొస్తాయి."

"వెళ్లకపోతే నీ కొత్తవన్నీ నా మీదికొస్తాయి."

"రెండ్రోజులు ఆగండి. డబ్బు సర్దుకుని..."

అక్క పసిపిల్లని వహీదాకి ఇచ్చింది. టార్పాలిన్ లాగి కింద పడేసింది. కారు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. కంచెకి గుద్దిన రోజు తర్వాత ఆ సీట్లో కూర్చోవడం అదే. నేను "అక్కా, వద్దు" అన్నాను. బిస్మిల్లా అని గొణుక్కుని ఆమె తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. కారులోంచి పీతల వాసన వస్తోంది.

జుల్‌హెల్మి వచ్చి కారుకి అడ్డంగా నిలబడ్డాడు, రెండు చేతులూ బానెట్ మీద పెట్టి.

అక్క అద్దం దించింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. "పక్కకి జరుగు నాయనా" అంది. "నా కాలు సరిగ్గా లేవదు. అది నీకు చెప్పలేదు కదూ. నేనూ ఒకటి దాచాను."

అది బెదిరింపు కాదు. ఆమె స్టీరింగ్‌ని పట్టుకున్న పద్ధతి చూసిన ఎవరికైనా అర్థమవుతుంది, ఆమె తనకి తానే భయపడుతోందని. అతను చూశాడు. మెల్లగా చేతులు తీశాడు. తలుపు దగ్గరికి వచ్చి, "మీరు దిగండి పిన్నీ. నేను నడుపుతాను" అన్నాడు.

"స్టేషన్‌కే కదా?"

"స్టేషన్‌కే."

అతనూ అక్కా ఆ కారులో వెళ్లారు. వహీదా పిల్లని ఎత్తుకుని నా కారెక్కింది. దారి పొడవునా ఆ తెల్లకారు వెనకే పోతూ, అది ఏ మలుపులోనైనా మాయమవుతుందేమో అని నేను కన్ను ఆర్పలేదు. వహీదా కూడా అటే చూస్తోంది. "ఆయన అబద్ధం చెబుతాడక్కా" అంది ఉన్నట్టుండి. "జరిమానాల గురించి నాకూ పెళ్లయ్యాకే చెప్పాడు. కానీ మనిషిని పడేసి పోయేవాడు కాదు." ఆ రెండో మాట ఆమె నాకు చెబుతోందో తనకి చెప్పుకుంటోందో తెలియలేదు.

స్టేషన్‌లో అధికారి కారు చుట్టూ తిరిగి చూశాడు. కొత్త దీపం దగ్గర వంగి చాలాసేపు ఉన్నాడు. నిపుణుడు వచ్చి చూడాలి, అప్పటిదాకా కారు ఇక్కడే ఉండాలి అన్నాడు. జుల్‌హెల్మిని లోపలికి పిలిచి చాలా అడిగారు. బయటికొచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. బల్ల మీద అక్క పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

నిపుణుడు వచ్చేదాకా గడిచిన రోజులు చెప్పనలవి కాదు. అక్క ఆసుపత్రికి ఫోను చేసి, బంధువుని కాదని ఒప్పుకుంటూనే, ఆ మోటార్‌సైకిల్ మనిషి ఎలా ఉన్నాడని అడిగేది. వాళ్లు చెప్పేవారు కాదు. వహీదా పొద్దున్నా సాయంత్రం అక్కకి ఫోను చేసేది. కారు లేక పీతలు రేవులోనే అయినకాడికి అమ్ముకుంటున్నారట. "అతను ఎక్కడున్నాడు?" అని అక్క ప్రతిసారీ అడిగేది. "ఇక్కడే, నా పక్కనే" అని వహీదా చెప్పేది. అతను పారిపోలేదన్న ఆ ఒక్క మాట మీదే అక్క గుక్కెడు టీ తాగేది. నేనైతే అతనే చేశాడని అనుకుంటూనే ఉన్నాను. అక్కతో అనలేదు.

చివరికి స్టేషన్‌కి రమ్మన్నారు. అందరం వెళ్లాం. ప్రమాదం జరిగిన చోట దొరికినవి దీపం ముక్కలు కావట, ఎడమవైపు పక్క అద్దం తొడుగు, దాని గాజు. అక్క కారు అద్దాలు రెండూ మొదటినుంచీ ఉన్నవే. పందిళ్ల గుంజలకి రాసుకున్న పాత గీతలు కూడా చెరగలేదు. పైగా తొడుగు విరిగిన కారొకటి పక్క ఊరి మరమ్మతు షెడ్డులో దొరికింది. ఆసుపత్రిలో ఉన్న మనిషికి స్పృహ వచ్చింది, కాలు విరిగింది గానీ బతుకుతాడు. అధికారి ఇదంతా మామూలుగా, కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు.

"బతుకుతాడా?" అంది అక్క.

"బతుకుతాడు మేడం. ఇక మీరు వెళ్లొచ్చు. పేరు మాత్రం త్వరగా మార్పించుకోండి."

జుల్‌హెల్మి గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. వహీదా అతని పక్కన కూర్చోలేదు. కాస్త దూరంలో నిలబడి, "ఇవాళే మార్పిద్దాం. నా పేరు మీదికి" అంది. అతను తలెత్తి చూశాడు. "నా మీద జరిమానాలేం లేవు కదా" అందామె.

స్టేషన్ నుంచి నేరుగా రవాణా ఆఫీసుకి వెళ్లి అక్కడ చాలాసేపు కూర్చున్నాం. వహీదా, అక్క ఒకరి తర్వాత ఒకరు యంత్రం మీద బొటనవేలు పెట్టారు. అక్క వేలు మొదటిసారి పడలేదు. ఇన్నేళ్లుగా రంగులూ పౌడర్లూ తుడిచి తుడిచి గీతలు అరిగిపోయాయట. మళ్లీ పెట్టమన్నారు, పడలేదు. ఆమెకి చెమటలు పట్టడం మొదలైంది. అక్కడి ఉద్యోగిని తడిగుడ్డ ఇచ్చి, "నెమ్మదిగా నొక్కండి పిన్నీ, తొందరేం లేదు" అంది. మూడోసారి పడింది. రెండో తాళం వహీదా చేతిలో పెట్టి అక్క గట్టిగా ఊపిరి వదిలింది. పినాంగ్ జరిమానా జుల్‌హెల్మి కట్టేశాడు. పాతవి వాయిదాల్లో కడతానన్నాడు. కడుతున్నాడో లేదో మాకు తెలియదు, ఇక అది వహీదా గొడవ.

బయటికొచ్చాక అక్క ఆకలంది. ఎదురుగా ఉన్న కొట్టులో రోటీ చనాయ్ రెండు తిని, మూడోది చెప్పింది. తింటూ ఉంటే నేను అడిగాను, మళ్లీ కారు అమ్మాల్సి వస్తే ఏం చేస్తావని.

ఆమె రోటీ తుంచి పులుసులో ముంచింది. "ఆ కంపెనీలో కుర్రాడున్నాడే, చుంగ్" అంది. "ఆ పిల్లాడు నాతో ఒక్క అబద్ధం చెప్పలేదు సత్యా. అతను చెప్పింది నాకు నచ్చలేదు, అంతే. జుల్‌హెల్మి చెప్పిందల్లా నచ్చింది."

"మరి జుల్‌హెల్మి వాళ్లకిచ్చినందుకు బాధపడుతున్నావా?"

ఆ ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. "లేదు" అంది చివరికి. "కానీ ఇన్నాళ్లూ పడ్డ భయం మాత్రం ఎవరికీ వద్దు."

వానలో ఇంటికి బయలుదేరాం. కారెక్కిన కొద్దిసేపటికే ఆమె నిద్రపోయింది. తల కిటికీకి తగులుతోందని నేను నెమ్మదిగా నడిపాను. ఇల్లు వచ్చాక కూడా లేపలేదు. ఇంజను ఆపి, వాన తగ్గేదాకా అలాగే కూర్చున్నాను.